పైడితల్లి బంతి పట్టిందా

ఎస్తేరుకి రూలు తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి పట్టడమంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. బంతి చేతుల్లో కుదురుగా ఉండాలి. కాలు గ్రౌండు గీతలోపల నేలని తాకాలి. పట్టిన మనిషి ఆ ఊపులోనే కిందపడితే, ఒళ్లు నేలకి కొట్టుకున్నాక కూడా బంతి జారకూడదు. జారితే పట్టనట్టే లెక్క. చూడ్డానికి మూడు ముక్కలే. ఆ మూడు ముక్కల కోసమే ఆ దేశంలో తలలు నెరిసినవాళ్లు కూడా గొంతులు చించుకుంటారని ఎస్తేరు చదివింది. ఆఖరి గీత దగ్గర మరీను. బొప్పాయికాయలాంటి ఆ బంతిని గీత అవతల పట్టుకుంటే ఆరు పాయింట్లు. పట్టినట్టే పట్టి జారవిడిస్తే సున్న.

విశాఖపట్నంలో ఆ ఆదివారం అమ్మాయిల ఫైనల్లో గొడవ సరిగ్గా ఆ గీత దగ్గరే లేచింది.

రేవు జట్టుకీ కొండ జట్టుకీ ఆట. కొండ జట్టు నాలుగు పాయింట్లు ముందుంది. ఆట ముగియడానికి కొద్ది సెకన్లు. రేవు జట్టుకి గీత దాటే ప్రయత్నాలు రెండే మిగిలాయి. అప్పటికే వాన మొదలైంది. బంతి గాల్లోకి లేచింది. గీత అవతల, సరిగ్గా మధ్యలో, రేవు జట్టు పైడితల్లి ఎగిరింది. ఆమెను అడ్డుకోడానికి కొండ జట్టు కెప్టెన్ లోవలక్ష్మి కూడా ఎగిరింది. ఇద్దరూ కిందపడ్డారు. వాళ్లమీద మరో నలుగురు పడ్డారు. పిండి కలిపినట్టు అందరూ ఒకే ముద్దైపోయారు.

గీతకి ఈ కొసన ఎస్తేరు, ఆ కొసన జగన్నాథం. రిఫరీలు. ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. ఒకరినొకరు చూసుకున్నారు. నాలుగు చేతులూ నిటారుగా ఆకాశంలోకి లేచాయి. పట్టింది. ఆరు పాయింట్లు.

రేవు జట్టు పిల్లలు పైడితల్లిని భుజాలమీదికి ఎత్తుకున్నారు. లోవలక్ష్మి మాత్రం బురదలోంచి లేచి తిన్నగా ఎస్తేరు దగ్గరికొచ్చింది.

"బంతి నేలకి తగిలి జారింది అక్కా. నువ్వు చూశావా?"

ఎస్తేరు రూలు చెప్పింది. బంతి నేలకి తగిలినంతమాత్రాన పట్టు పోదనీ, బంతి కింద చెయ్యుంటే చాలనీ, బంతి కదలడం వేరు, జారడం వేరనీ చెప్పింది. ఏ పేజీలో ఉందో కూడా చెప్పింది. లోవలక్ష్మి ముఖం మీద వాన కారుతూనే ఉంది. తుడుచుకోకుండా విన్నది. ఆ పిల్ల అడిగింది రూలు కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అంతలో వాన ఒక్కసారిగా కుమ్మరించింది. ఎదుటి మనిషి కనపడ్డం మానేశాడు. హైదరాబాదు నుంచొచ్చిన పెద్ద రిఫరీ ఈల ఊది, మిగిలిన ఆట రేపు పొద్దున్నే అన్నాడు.

మిగిలింది పెద్దగా ఏమీ లేదు. ఆరు పాయింట్లు వచ్చిన జట్టు ఆ తర్వాత బంతిని ఒకసారి గీత వెనక నిలబెట్టిన కమ్మీల మధ్యకి తన్నాలి. కానీ ఈ ఆటలో ఒక కట్టుబాటుంది. ఆ తన్ను పడేలోపు రిఫరీలు తమ తీర్పు మార్చుకోవచ్చు. తన్ను పడ్డాక దేవుడు దిగొచ్చినా మారదు. అంటే ఎస్తేరుకి ఆ రాత్రంతా గడువు ఉన్నట్టే. లేకపోతే బాగుండేదని ఆమె అనుకుంది.

చూసినవాళ్లెవరైనా ఉన్నారా అంటే, ఊళ్లో సగంమంది చూశామన్నారు. ఫోన్లలో తీశామన్నారు. తీరా చూస్తే ఫోన్లనిండా గొడుగులే ఉన్నాయి.

ఆటల సంఘం కార్యదర్శి టెంటు కింద ఎస్తేరు భుజం తట్టబోయి, ఆడపిల్ల కదాని గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆడదై ఉండి కూడా ఎంత తడుముకోకుండా చెయ్యెత్తిందో చూడండని పదిమందికీ చెప్పాడు. అది మెచ్చుకోలనుకున్నాడు పాపం. జాతీయ పోటీలకి ఈ జిల్లానుంచి ఒక రిఫరీని పంపాలి, ఎస్తేరు పేరే పంపుతానన్నాడు. ఇంతవరకూ ఈ ప్రాంతంనుంచి ఆడమనిషెవరూ వెళ్లలేదు.

ఎస్తేరు వానలోనే స్కూటీ తీసి నరసమ్మ టీచరు ఇంటికి బయల్దేరింది.

నరసమ్మ టీచరు మునిసిపల్ స్కూల్లో ఆడపిల్లలకి కబడ్డీ నేర్పి రిటైరైన మనిషి. ఈ కొత్త ఆట ఊళ్లోకొచ్చినప్పుడు కబడ్డీ పిల్లలే ముందు దాంట్లోకి దూకారు. మనిషిని పట్టి పడెయ్యడం వాళ్లకి కొత్త కాదు మరి. ఆడేవాళ్లు దొరికారు గానీ ఈల పట్టేవాళ్లు దొరకలేదు. మగ రిఫరీలు ఆడపిల్లల ఆటకి రావడం నామోషీ అనుకున్నారు. అప్పుడు అరవై దాటిన నరసమ్మ టీచరు కళ్లజోడు తుడుచుకుని ఆ లావు రూలు పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఇవాళ జిల్లాలో ఈల పట్టిన ప్రతివాళ్లూ ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లే. జగన్నాథం కూడా. అందరిలోకీ చురుకైనది ఎస్తేరు. ఆ మాట టీచరు ఎప్పుడూ అనలేదు. ఎస్తేరే అనుకునేది.

ఎస్తేరు వెళ్లేసరికి టీచరు వరండాలో తడిబట్టల గంప ముందు నిలబడి ఉంది.

"సమయానికొచ్చేవు. గాలికి తాడు తెగిపోయింది. చేతులెత్తు."

ఎస్తేరు చేతులెత్తింది. టీచరు పిండిన నేతచీర ఒకటి తీసి ఆ రెండు చేతులమీదుగా పరిచింది. దానిమీద తువ్వాలు వేసింది. తువ్వాలు మీద దుప్పటి.

ఎస్తేరు అదేమీ పట్టించుకోలేదు. తనకో ధర్మసందేహం ఉందని మొదలుపెట్టింది. బంతి కొస నేలకి తగిలి, చెయ్యి కిందే ఉండి, బంతి కాస్త తిరిగితే అది పట్టు నిలిచినట్టా కాదా అని అడిగింది. టీచరు ఊఁ అంది. కొందరు నిలిచినట్టే అంటున్నారనీ, ఇంకొందరు కాదంటున్నారనీ, కిందటేడు రూలులో ఒక మాట మార్చారనీ, ఆ మాటని బట్టి చూస్తే పైడితల్లి పట్టినట్టే అవుతుందనీ ఎస్తేరు చెప్పుకుపోయింది. టీచరు ఊఁ అంటూనే గంపలోంచి ఒక దిండుగలీబు తీసి వేసింది.

బట్టల్లోంచి నీళ్లు మోచేతులమీదుగా చంకల్లోకి కారుతున్నాయి. మొదట చల్లగా ఉండింది. తర్వాత భుజాలు లాగడం మొదలైంది. ఎస్తేరు కిందటేడు రూలు వదిలి అంతకుముందేడు రూలు అందుకుంది. మాట సన్నబడింది. చేతులు వణుకుతున్నాయి. వణుకుతున్నాయని తెలియకుండా ఉండాలని మోచేతులు బిగించింది. దాంతో ఇంకా వణికాయి.

టీచరు ముక్కాలిపీట మీద కూర్చుని టీ తాగుతోంది. ఎస్తేరుకి ఇవ్వలేదు. ఇచ్చినా పుచ్చుకోడానికి చేతులేవీ?

"టీచర్ గారూ, ఇంకెంతసేపు?"

"ఏటి?"

"చేతులు."

"నీ చేతులు. నన్నడుగుతావేటి?"

చూరునుంచి నీళ్లు పడుతున్నాయి. ఎదురింట్లో ఎవరో కుక్కర్ దించిన చప్పుడైంది.

"అసలెందుకెత్తేవు?" అంది టీచరు.

"మీరు ఎత్తమన్నారని."

టీచరు గ్లాసు అడుగున మిగిలిన టీ వంచి చూసుకుంది.

ఎస్తేరు అలాగే నిలబడింది. తనన్న మాటే తన చెవిలో ఇంకోసారి వినపడింది. అప్పుడు ఆమె నోట్లోంచి, తోసుకుంటూ, ఒక మాట వచ్చింది.

"నాకు బంతి కనపడలేదు."

ఆ ఒక్కటీ వచ్చాక మిగతాది ఆగలేదు. తాను చూసింది లోవలక్ష్మి వీపు. ఆ వీపు మీదున్న అంకె. దానిమీద పడ్డ బురద. అంతే. పైడితల్లి చేతులు కనపడలేదు, బంతి కనపడలేదు. గీతకి రెండు కొసల్లో నిలబడ్డ ఇద్దరూ చెయ్యెత్తేముందు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోవాలి. చూసినవాళ్లు తల ఊపాలి, చూడనివాళ్లు ఊరుకోవాలి. ఈ పద్ధతి నేర్పింది నరసమ్మ టీచరే. ఎస్తేరు జగన్నాథం వైపు చూసింది. అతను తల ఊపినట్టనిపించింది. జగన్నాథం బాబాయ్ చూసే ఉంటాడులే అనుకుని తానూ ఊపింది. అతని చేతులు లేస్తున్నాయి. తనవీ లేచాయి. ఊరుకుని నిలబడితే జనం నవ్వుతారనిపించింది. మగవాడు కనపడలేదంటే కళ్లలో ఎండ కొట్టిందంటారు, ఆడది కనపడలేదంటే ఆటే రాదంటారు. రేపు ఈ మాట ఒప్పుకుంటే తన తర్వాత ఇంకో ఆడపిల్లని ఆ గీత దగ్గర నిలబడనివ్వరు. అందుకే లోవలక్ష్మికి పేజీ నంబరు చెప్పి వచ్చింది.

టీచరు అంతా విన్నది.

"దించు," అంది.

ఎస్తేరు చేతులు దించింది. బట్టలన్నీ వరండాలో కుప్పగా పడ్డాయి. భుజాల్లోంచి వేళ్లదాకా చీమలు పాకినట్టు నెత్తురు దిగింది. ఆమె గోడకి జారబడి చతికిలబడింది. ఊపిరి తనంతట తనే పొడుగ్గా బయటికొచ్చింది. ఆ సాయంత్రం మొత్తానికి అదే మొదటి ఊపిరిలా ఉంది.

కాసేపటికి, "రేపు అందరూ ఏమంటారో టీచర్ గారూ," అంది.

"అంటారు," అంది టీచరు. లేచి లోపలికి పోతూ గుమ్మంలో ఆగింది. "కింద పడేసేవుగా, ఆ బట్టలన్నీ మళ్లీ జాడించి పో."

తెల్లారేసరికి ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఎస్తేరు గ్రౌండుకి అందరికన్నా ముందొచ్చింది. అప్పటికే జగన్నాథం గీత దగ్గర తిరుగుతున్నాడు. ఓడరేవులో క్రేను నడిపే మనిషి. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ముందు అతనికి చెప్పాలని ఎస్తేరు దారంతా అనుకుంటూ వచ్చింది. అతను చూసే ఉంటాడు. అతని మాట నిలుస్తుంది, తనది పోతుంది. పోతే పోయింది.

"బాబాయ్, నిన్న నాకు బంతి కనపడలేదు. నువ్వు తల ఊపావని నేను ఊపాను."

జగన్నాథం నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "నేనెక్కడ ఊపేనే? కళ్లలోకి నీళ్లు కారుతుంటే విదిలించుకున్నాను."

"మరి చేతులెందుకెత్తావ్?"

"నువ్వు తలూపేవు కదా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఈసారి శుభ్రంగా, ఎండలో. జగన్నాథం తడిగడ్డి మీద అలాగే కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. రాత్రంతా భార్య ఏమైందని అడిగితే పన్ను నొప్పని చెప్పాడట. ఆవిడ లవంగం పెట్టిందట. ఇంకా బుగ్గలోనే ఉందని ఉమ్మి చూపించాడు.

సంగతి విన్న పెద్ద రిఫరీకి మాత్రం నవ్వు రాలేదు. ఇద్దరు మనుషుల్ని గీత దగ్గర నిలబెట్టింది ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి కాదన్నాడు. ఆ మాట పడాల్సిందే, పడ్డారు. కార్యదర్శి ఎస్తేరుని పక్కకి పిలిచి, ఇప్పుడీ సంగతి జట్లకి చెప్పకపోతే ఎవరికి నష్టమని అడిగాడు. జాతీయ పోటీల మాట ఇంకోసారి గుర్తుచేశాడు. పంపకండి లెండి, అంది ఎస్తేరు. అంత తేలిగ్గా అనగలనని ఆమెకే తెలీదు.

రూలు పుస్తకం దీనికి ఒక దారి పెట్టింది. పట్టారో లేదో ఎవరికీ రూఢిగా తెలియకపోతే పట్టనట్టే లెక్క. పెద్ద రిఫరీ రెండు జట్లనీ పిలిచి అదే చెప్పాడు. ఆరు పాయింట్లు పోయాయి. రేవు జట్టుకి ఆ ఒక్క చివరి ప్రయత్నం మిగిలింది.

అందరూ పైడితల్లి వైపు చూశారు. రాత్రి ఆమెకి రేవు పేటలో దండలు వేశారు, రెండుచోట్ల బిర్యానీ పెట్టారు. ఇప్పుడు అగ్గి కురిపిస్తుందనుకున్నారు. ఆ పిల్ల తలవంచుకుని బూటుతో బురద గీకింది.

"నిజం చెప్పాలంటే నాకూ తెలీదక్కా," అంది ఎస్తేరుతో. "భయానికి కళ్లు మూసేసుకున్నాను. తెరిచేసరికి బంతి పొట్ట దగ్గరుంది. అది ఎలా వచ్చిందో దానికే తెలియాలి. రాత్రి ఒక్క ముద్ద దిగితే ఒట్టు."

రేవు జట్టు పిల్లల్లో ఒకతె, అయితే నేను పెట్టిన బిర్యానీ నాకిచ్చెయ్యవే, అంది. నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లోనే రాత్రంతా బిగిసిపోయి ఉన్నదేదో సడలింది.

లోవలక్ష్మి వచ్చి ఎస్తేరుకి థాంక్స్ చెప్పబోయింది.

"నాకెందుకు థాంక్స్? నువ్వు చెప్పింది నిజమని నేననలేదే. నేను చూడలేదన్నానంతే."

"అదే అక్కా," అంది లోవలక్ష్మి. "నిన్న నేనడిగింది అదే."

ఆట మొదలైంది. గ్రౌండు చుట్టూ జనం గోడలెక్కి నిలబడ్డారు. ఒకే ఒక్క బంతి, ఆ తర్వాత ఇంకేమీ లేదు. నరసమ్మ టీచరు ముందువరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు వొలుచుకుంటోంది. కార్యదర్శి ఆమె పక్కన, ఎందుకైనా మంచిదని, ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు.

ఈసారి బంతి జగన్నాథం ఉన్న మూలకి పోయింది. పైడితల్లే ఎగిరింది, కళ్లు ఇంతింత చేసుకుని. లోవలక్ష్మి ఆమె నడుము పట్టుకుంది. ఇద్దరూ గీత అవతల దబ్బున పడ్డారు. ఎస్తేరు గీత వెంట ఉరికింది. ఆమెకీ వాళ్లకీ మధ్య ముగ్గురు మనుషులు అడ్డం. వీపులు కనపడ్డాయి. మడమలు కనపడ్డాయి.

జగన్నాథం వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టి, పడ్డవాళ్ల మొహాల్లో మొహం పెట్టినంత దగ్గరగా చూశాడు. వాళ్లు దొర్లడం ఆగేదాకా చూశాడు. తర్వాత తలెత్తి ఎస్తేరు కళ్లలోకి చూసి, గట్టిగా, మెడ విరిగేలా తల ఊపాడు.

ఎస్తేరు ఊరుకుంది.

జగన్నాథం ఒక్కడే చేతులెత్తాడు. జనం ఒక్కసారి గప్‌చుప్ అయి ఎస్తేరు వైపు తిరిగారు. ఎత్తవేం అని ఎవరో అరిచారు. చేతులు పడిపోయాయా అని ఇంకొకడు ఈల వేసి వెక్కిరించాడు. ఎస్తేరు రెండు చేతులూ పక్కన వేలాడేసుకుని, కదలకుండా, ఎండలో హాయిగా నిలబడింది.

లోవలక్ష్మి కిందనుంచి లేస్తూ జగన్నాథాన్ని చూసింది, ఎస్తేరుని చూసింది. ఏమీ అడగలేదు. వంగి పైడితల్లికి చెయ్యి అందించింది.

పెద్ద రిఫరీ ఈల ఊదాడు. ఆరు పాయింట్లు. రేవు పేట అంతా గ్రౌండులోకి దూకింది.

కార్యదర్శి కంగారుగా టీచరు వైపు జరిగాడు. "అదేంటమ్మా, మీ శిష్యురాలు చెయ్యెత్తలేదు. మళ్లీ ఏం గొడవొచ్చింది?"

నరసమ్మ టీచరు ఒక కాయ నొక్కి, గింజలు అరచేతిలో పోసుకుంది.

"గొడవేటి బాబూ," అంది. "దానికి కనపడలేదు."